నోట్ల మిషనుకు ముసుగు, మనిషికి దుమ్ము

బ్యాంకులో కొత్తగా చేరి, రేపో మాపో క్యాష్ కౌంటరులో కూర్చోబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతులు ఇందులో ఉండవు. పెడదామన్నా నా దగ్గర లేవు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాకు జరిగిన పెద్ద అభివృద్ధి ఏమిటంటే, నా ముందున్న ఇనుప జాలీ తీసేసి గాజు పలక బిగించడం. అంతకుముందు జనం నన్ను బోనులో కోతిని చూసినట్టు చూసేవారు. ఆ తర్వాత మిఠాయి కొట్లో కాజాని చూసినట్టు చూశారు. చూపు మారింది గానీ కుర్చీ మారలేదు.

నేను రాసేది దుమ్ము గురించి. నోట్లు లెక్కపెడుతున్నప్పుడు రాలే దుమ్ము. అన్నేళ్లూ దాన్ని పీల్చాను, మింగాను, చొక్కాకి పూసుకుని ఇంటికి మోసుకెళ్లాను. లక్షాధికారిని కాలేకపోయినా ధూళాధికారిని మాత్రం అయ్యాను. అది ఉత్త దుమ్మేనని నేను నమ్మాను, మరొకరిని నమ్మించాను. ఆ రెండో పని తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. మా పైవాళ్ల మీద అంతకంటే కాస్త ఎక్కువ వస్తుంది. వరసగా చెబుతాను.

వాసన పట్టే విద్య

నేను చేరింది కొత్తపేటలో ఒక బ్రాంచిలో. నాలుగూళ్లు తిరిగి రిటైరైందీ అక్కడే. అప్పటి హెడ్ క్యాషియరు సుబ్బారాయుడుగారు నాకు గురువు. ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది:

"నోట్లో వేలు పెట్టకుండా నోట్లు లెక్కపెట్టడం నేర్చుకోవయ్యా. ఎవరెవరి చేతుల్లోంచి వచ్చేయో అవి!"

చెప్పి ఊరుకోలేదు, బల్ల మీద స్పాంజి గిన్నె పెట్టించారు. పొద్దున్న పోసిన మంచినీళ్లు మధ్యాహ్నానికి కాటుక నీళ్లయ్యేవి. అవి కళ్లారా చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. రద్దీ పెరిగితే గిన్నె దాకా చెయ్యి చాచడానికి బద్ధకించి వేలు నాలుకకే ఆనించేవాణ్ణి. సుబ్బారాయుడుగారు కళ్లజోడు మీంచి చూసి, "ఏవయ్యా ప్రసాదరావూ, ఇవాళ కేరేజీ తెచ్చుకోలేదా?" అనేవారు.

దీనికి తోడు నాకొక విద్య అబ్బింది. నోటు వాసన చూసి అది ఏ వైపు నుంచి వచ్చిందో చెప్పేవాణ్ణి. రావులపాలెం అరటి మార్కెట్టు నోట్లకి జిగురు మరకలు, నల్లబడ్డ అంచులు. రాజోలు వైపు నోట్లకి రొయ్యల వాసన. కొబ్బరి దింపు చేసేవాళ్లు తెచ్చేవి చెమటకి మెత్తబడి పాత పంచెలా ఉండేవి. స్టాఫంతా చుట్టూ చేరి పందేలు కాసేవారు. ఒకసారి ఒక కట్ట ముక్కు దగ్గర పెట్టుకుని "చేపల చెరువు" అని తేల్చేశాను. మా ఫీల్డాఫీసరు పడీ పడీ నవ్వాడు. అది అతని జేబులోంచి తీసిన సొంత జీతమట. పందెం ఓడిపోయాను. తర్వాత తెలిసిందేమిటంటే, అతను మధ్యాహ్నం చేపల పులుసు తిని చెయ్యి సరిగ్గా కడుక్కోలేదు.

ఇది చదివి నవ్వండి గానీ నేర్చుకోకండి. వాసన తగిలిందంటే ఆ వస్తువులో కొంత ముక్కులో దూరిందనే అర్థం. అది తెలియడానికి నాకు ఉద్యోగం మొత్తం పట్టింది.

ఫ్యాను మూయించింది నేనే

చేత్తో లెక్కపెట్టే రోజుల్లో దుమ్ము వేళ్లకే అంటేది. లెక్కపెట్టే మిషన్లు వచ్చాక గాల్లోకి లేచింది. కట్ట పెట్టగానే ఫర్రుమని తిరిగి, అంకె చూపించి, మొహాన ఇంత బూడిద కొట్టేది. సాయంత్రానికి మిషను పళ్లెంలో, బల్ల మీద, మా కనుబొమల మీద సన్నటి బూడిదరంగు పొడి. పాత నోట్లు రద్దైన రోజుల్లో అయితే మా క్యాష్ గది పిండిమరలా ఉండేది. ముగ్గురం దగ్గేవాళ్లం. ఎవరైనా అడిగితే "మంచు పడిందండీ" అనేవాళ్లం. కోనసీమలో మంచు మీద ఎంత నింద వేసినా అది తిరిగి మాట్లాడదు.

ఆ గదికి అంతకుముందు ఒక ఎగ్జాస్టు ఫ్యాను ఉండేది. అది తిరిగితే వోచర్లు ఎగిరేవి. పైగా దాని చప్పుడుకి కౌంటరు అవతలి మనిషి మాట వినపడేది కాదు. "ఈ ఫ్యానొద్దు, నోట్లెగిరిపోతున్నాయి" అని గోల చేసి, దాన్ని పీకించి, ఆ కన్నానికి ప్లైవుడ్ ముక్క కొట్టించింది నేనే. కార్పెంటరుకి టీ కూడా నేనే ఇప్పించాను. తర్వాత ఏసీ వచ్చింది. గది చల్లబడింది. అదే గాలి, అదే దుమ్ము చల్లగా మా చుట్టూ తిరిగాయి. నా తెలివి వల్లే మాకు ఊపిరాడలేదని తర్వాత ఎప్పుడో తెలిసింది.

ఏఎంసీలో లేని మనుషులు

ఆ మిషన్ల సర్వీసుకి ఏడాదికి రెండుసార్లు రాజమండ్రి నుంచి ఒక ఇంజనీరు వచ్చేవాడు. ఒకసారి ముక్కుకి గట్టి ముసుగు, చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు పెట్టుకుని దిగాడు.

"అదేంటి బాబూ, ఆపరేషను చెయ్యడానికి వచ్చినట్టు వచ్చేవు?"

"డస్టండి. ముసుగు లేకుండా మూత తియ్యకూడదండి, కంపెనీ రూలండి."

"మిషనుకి మంచిది కాదా ఇది?"

"అస్సలు కాదండి. సెన్సార్లు పాడైపోతాయండి. సాయంత్రం అవ్వగానే కవరు కప్పేయాలండి."

"మరి మేం?"

అతను దుమ్ము ఊదే బ్లోయరు ఆపి నిజంగానే ఆలోచించాడు. అబద్ధం ఆడే రకం కాదు.

"మీరు మా ఏఎంసీలో లేరు కదండీ," అన్నాడు.

ఏఎంసీ అంటే ఏటేటా మరమ్మతు చేసే ఒప్పందం. అతను చెప్పింది నిజమే. మిషనుకి ఉంది, నాకు లేదు. నవ్వొచ్చింది. ఆ వెంటనే మండుకొచ్చింది. ఫ్యాను మళ్లీ పెట్టించమనీ, ముసుగులు కొనమనీ మేనేజరుగారి చేత పైఆఫీసుకి ఉత్తరం రాయించాను. కొన్ని నెలలకి ఒక పార్శిలు వచ్చింది. ముసుగులే వచ్చాయనుకుని ఆత్రంగా విప్పాం. నాలుగు నీలం రంగు కవర్లు, జిప్పులతో సహా. మిషన్లకి!

సంచులు

నోట్లు వచ్చే కాన్వాసు సంచులు చిరిగిపోతే పద్ధతి ప్రకారం కాల్చేయాలి. మా దగ్గర ఎవరూ కాల్చలేదు. అంత గట్టి గుడ్డ కాల్చడానికి చేతులు రావు. ఊడ్చేవాళ్లకీ నీళ్లు మోసేవాళ్లకీ క్రిస్మస్‌కో దసరాకో పంచేవాళ్లం. వాళ్లు వాటితో పిల్లలకి పుస్తకాల సంచులు కుట్టుకునేవారు, గుమ్మానికి తెరలా వేలాడదీసుకునేవారు. పెట్టే చెయ్యి నాదైతే పేరు నాకొస్తుంది కదా అని ఆ పంపకం నేనే చేసేవాణ్ణి.

మరియమ్మ మా పార్ట్ టైం స్వీపరు. కాంట్రాక్టరు మనిషి. పదేళ్లుగా క్యాష్ గది ఊడ్చేది. ఒకరోజు చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"కేషియరుగారూ, మా రూతుకి మగపిల్లోడు పుట్టేడండి. ఉయ్యాలకి గట్టి గుడ్డ కావాలండి."

ఉన్నవాటిలో మంచివి రెండు సంచులు ఏరి, అక్కడే ఆ గదిలోనే దులిపి ఇచ్చాను.

"డబ్బు పడుకున్న సంచండి! ఇందులో పడుకున్నోడు బేంకు మేనేజరైపోతాడండి, ఆయ్!"

"మేనేజరొద్దులే మరియమ్మా, మనిషవ్వనీ," అన్నాను. ఆ రోజంతా నా దాతృత్వానికి నేనే మురిసిపోయాను.

ఏడాదిన్నర తర్వాత, అమలాపురంలో కెమిస్ట్రీ చెప్పే లెక్చరర్ శాంతకుమారిగారు డబ్బు కట్టడానికి వచ్చారు. నా బల్ల అంచుకి చెయ్యి ఆనించి, వేళ్లు చూసుకుని, "ఇదేంటండీ ప్రసాదరావుగారూ, ఇంత పొడి?" అన్నారు.

"లక్ష్మీదేవి పౌడరండి."

ఆవిడ నవ్వలేదు. మర్నాడు చిన్న సీసా తెచ్చి మిషను పళ్లెంలోని పొడి నింపుకుని పట్టుకెళ్లారు. విశాఖలో తెలిసినవాళ్ల ల్యాబులో పరీక్ష చేయించారు. సీసాలో సీసం తేలింది. కాడ్మియం, క్రోమియం కూడా కనిపించాయి. అచ్చుసిరాల్లోంచి వచ్చాయో, పదివేల చేతుల్లోంచి వచ్చాయో, గాల్లోంచి వచ్చాయో ఈ ఒక్క పరీక్షతో తేలదన్నారు.

"ఒక్క సీసా చూసి కొంప మునిగిందని అనకూడదండి. ఏం కాదని కూడా అనకూడదు. పెద్దవాళ్ల సంగతి అలా ఉంచండి. పసిపిల్లలకి మాత్రం ఇంత సీసమైతే పర్లేదు అనే గీత లేదండి. ఇక్కణ్ణుంచి ఈ దుమ్ము పిల్లలున్న ఇంటికి ఏమైనా వెళ్తోందా? బట్టలూ, బ్యాగులూ?"

నేను కౌంటరు మూసేసి, మరియమ్మ ఇల్లెక్కడో వాచ్‌మన్‌ని అడిగాను.

ఉయ్యాల వసూలు

ఆ సాయంత్రమే కాలవ అవతల వాళ్ల పేటకి వెళ్లాను. వసారా దూలానికి ఉయ్యాల ఊగుతోంది. మా బ్రాంచి ముద్ర తలకిందులుగా కనిపిస్తోంది. లోపల పిల్లాడు సంచి అంచు నోట్లో పెట్టుకుని శ్రద్ధగా చప్పరిస్తున్నాడు.

"మరియమ్మా, ఆ ఉయ్యాల తీసేయాలమ్మా. ఆ సంచి నాకిచ్చేయండి."

ఆమె మొహం మాడిపోయింది. కూతురు రూతు లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇచ్చింది వెనక్కి అడుగుతారాండీ? బేంకోళ్లు అప్పులు వసూలు చేస్తారని తెలుసు గానీ ఉయ్యాలలు కూడా వసూలు చేస్తారని తెలీదండి," అంది రూతు.

"నువ్వూరుకోయే. సార్‌గారు ఊరికే రారు," అంది మరియమ్మ. "ఎవరన్నా మీ మీద రిపోర్టు చేసేరాండీ?"

చెప్పాను. సీసం అన్నాను, దుమ్ములో ఉందన్నాను, పసివాళ్ల తెలివి మీద దెబ్బ కొడుతుందన్నాను. ఎంత మెల్లగా చెప్పాలనుకున్నా అది మెల్లగా చెప్పే విషయం కాదు. రూతు వెళ్లి పిల్లాణ్ణి పైకెత్తుకుంది. వాడు సంచి వదలక గుక్కపట్టాడు. మరియమ్మ తన చీర చెంగు చూసుకుంది.

"రోజూ ఊడ్చొచ్చి ఈ చీరతోనే ఎత్తుకునేదాన్నండి," అంది.

సంచులు పుచ్చుకున్న మిగతా ఇళ్లకీ కబురు పెట్టాను. అమలాపురంలో పిల్లల డాక్టరుగారు వాడి రక్తం తీయించి హైదరాబాదు పంపించారు. ఉండకూడనంత సీసం ఉందని వచ్చింది. ఆయన నిజాయితీగా చెప్పారు: "ఉయ్యాలేనని నేను సంతకం పెట్టలేనండి. పాత రంగులుంటాయి, గిన్నెలుంటాయి, సవాలక్ష. కానీ ముందు ఉయ్యాల మానిపించండి. ఇల్లు తడిగుడ్డతో తుడవండి. వాడి చేతులు కడుగుతూ ఉండండి. ఐరన్ ఉన్న తిండి పెట్టండి. మూడు నెలలకి మళ్లీ చూద్దాం."

పై ఆఫీసు ఇంగ్లీషు

ఈసారి ఉత్తరం నేనే రాశాను. సంచితో కట్టిన ఉయ్యాల సంగతి రాసి, దుమ్ము పరీక్ష కాయితం, పిల్లాడి రక్తపరీక్ష కాయితం జతచేశాను. క్యాష్ గదుల్లో దుమ్ము పరీక్ష చేయించండి, గాలి బయటికి పోయే దారి పెట్టండి, ఊడ్చేవాళ్లకి కూడా రక్తపరీక్ష చేయించండి. అడిగినవి ఇంతే. కోటలూ పేటలూ అడగలేదు.

జవాబు ఫోనులో వచ్చింది. సీసం ఇంకెక్కణ్ణుంచైనా వచ్చి ఉండొచ్చు, ఈ మాటలు కస్టమర్లలో భయం పుట్టిస్తాయి, ఆ మనిషి మన ఉద్యోగి కాదు. ఇంకెక్కణ్ణుంచైనా రావచ్చంటే వెతకాలి కదా? కాదట. "తెలీదు" అన్న మాటని "లేదు" అని తర్జుమా చేసుకోవడం మా పై ఆఫీసు ఇంగ్లీషు. ఆ భాషలో ప్రతి రోగానికీ "ఇంకెక్కడో" అనే ఊరు ఒకటుంటుంది. ఏ బస్సూ అక్కడికి వెళ్లదు.

ఆ ఫోను తర్వాత పట్టుకున్నారు అసలు ప్రశ్న. బ్యాంకు సంచులు బయటికి ఎలా వెళ్లాయి?

ఎంక్వైరీ వేశారు. దుమ్ము మీద కాదు, సంచుల మీద. అప్పటి మేనేజరుగారు చెడ్డవాడు కాదు, భయస్తుడు. నన్ను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"ప్రసాదరావుగారూ, రిటైర్మెంటు ఇంక నెలన్నరే కదండీ. పెన్షను చిక్కుల్లో పడకూడదు కదా. 'స్వీపరు అనుమతి లేకుండా పట్టుకెళ్లింది' అని ఒక్క ముక్క రాసివ్వండి. సంచుల గోల ఆవిడతో పోతుంది, దుమ్ము గోల సంచులతో పోతుంది."

"ఆవిడ ఎక్కడికి పోతుందండీ?"

"పార్ట్ టైమేగా అండీ. ఇంకో చోట చేసుకుంటుంది."

దొంగ అని ముద్ర పడ్డ మనిషికి ఇంకో చోటు ఉండదు. పేటలో ఏ ఇల్లు తుడవడానికీ పిలవరు. పదేళ్లు నోట్ల గదిలో ఊడుస్తూ, బల్లకింద జారిపడ్డ నోటు కనబడితే తను ముట్టుకోకుండా నన్ను కేకేసి చూపించిన మనిషి. ఆవిడ మనవడి రక్తంలో నేనిచ్చిన విషం, ఆవిడ పేరు మీద నేను రాసే దొంగతనం! ముప్పై నాలుగేళ్లలో ఒక మేనేజరు ముందు నేను గొంతు పెంచడం అదే మొదటిసారి. అలవాటు లేక మధ్యలో దగ్గొచ్చింది. అయినా పూర్తి చేశాను.

ఎంక్వైరీ ఆఫీసరు మరియమ్మని ముందు పిలిచారు. తర్వాత నన్ను. నేను లోపలికి అడుగుపెడుతూనే, "సార్, ఆ సంచులు నేనే ఇచ్చేను. అడక్కుండా కూడా చాలామందికి ఇచ్చేను. రాసుకోండి," అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఆవిడేమో, 'నేనే పట్టుకెళ్లేను, కేషియరుగారికి తెలీదు' అందండీ."

నేను వరండాలోకి పరిగెత్తాను. మరియమ్మ బెంచీ చివర కూర్చుని ఉంది.

"ఏంటిది మరియమ్మా? ఎందుకలా చెప్పేరు?"

"మీ పింఛను ఆగిపోద్దంటున్నారండి. నాకు ఆగిపోడానికి ఏముందండి?"

లోపలికి వెళ్లి ఆవిడ నన్ను కాపాడడానికి చెప్పిందని చెప్పాను. ఆఫీసరుగారు నిట్టూర్చారు. "ఇద్దరూ ఒప్పుకుంటే నేనేం రాయాలండీ?"

"దుమ్ములో సీసం ఉందని రాయండి."

"అది నా ఎంక్వైరీలో లేదండి," అన్నారు. పాపం ఆయనకీ ఒక హద్దు గీసి పంపించారు.

నాకొక మందలింపు కాయితం ఇచ్చారు. పెన్షను ఆగలేదు. దొంగతనం అనే మాట ఫైల్లోకి రాలేదు. అంతవరకు గెలిచామనుకున్నాను. ఒకటో తారీకు నుంచి మరియమ్మని రావద్దని కాంట్రాక్టరు చేత చెప్పించారు. కారణం ఏ కాయితంలోనూ లేదు. కాయితంలో లేని కోపాన్ని ఎవరిమీద పిటిషను పెట్టి చెప్పుకోవాలి?

మరియమ్మ అడిగిన మాట

మూడు నెలలకి పిల్లాడి రెండో పరీక్ష వచ్చింది. సీసం తగ్గింది. పూర్తిగా పోలేదు, తగ్గింది. ఇంకా చూస్తూ ఉండాలన్నారు డాక్టరుగారు. అప్పటికి నేను రిటైరయ్యాను. కాయితం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మరియమ్మ వసారాలో ఇడ్లీలు వేసి అమ్ముకుంటోంది. నా విస్తట్లో నాలుగు వేసి, కాయితం చదివించుకుని, కళ్లు తుడుచుకుంది. తర్వాత పై ఆఫీసులో ఒక్కరికీ తోచని మాట అడిగింది. నాకూ తోచని మాట.

"నా బదులు ఎవర్ని పెట్టేరండీ?"

"ఎవరో పద్మట."

"ఆమెకి చెప్పేరాండీ?"

చేతిలో ఇడ్లీ ముక్క విస్తట్లో పెట్టేశాను. మూడు నెలలు ఉత్తరాలు రాశాను, గొంతు పెంచాను, నా మందలింపు కాయితాన్ని ముగ్గురికి చూపించి సానుభూతి వసూలు చేశాను. రోజూ పొద్దున్నే ఆ గది ఊడ్చే మనిషికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరి మీద మండిపడుతున్నానో వాళ్ల పనే నేనూ చేశాను.

"లేదు," అన్నాను.

"పిల్లలున్నారా ఆమెకి?"

"తెలీదు."

"తెలీదంటే ఎలాగండీ!" అని లేచింది. ఇడ్లీ పాత్ర రూతుకి అప్పజెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బ్రాంచికి వెళ్లాం. పద్మకి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. చంటిపిల్లని వాచ్‌మన్ కుర్చీ పక్కన గుడ్డ పరిచి పడుకోబెట్టి, లోపల పొడి చీపురుతో జోరుగా ఊడుస్తోంది. గుమ్మంలోంచి దుమ్ము మేఘంలా వచ్చి పిల్ల మీద పడుతోంది.

"మీరు లోపలికి రాకూడదండీ మరియమ్మగారూ," అన్నాడు వాచ్‌మన్ మొహమాటంగా.

"రానులెండి. ముందా పిల్లని అవతలికి తియ్యండి." మరియమ్మ గుమ్మం దగ్గరే ఆగి కేకేసింది. "ఇలా రామ్మా. ఆ చీపురవతల పెట్టు. బకెట్లో నీళ్లు తే, పాత గుడ్డ తే."

పద్మ బిత్తరపోయి నా వైపు చూసింది. నేను బకెట్టు తెచ్చాను. చాలాకాలానికి నా వల్ల ఆ బ్రాంచిలో ఒక పనికొచ్చే పని జరిగింది. మరియమ్మ గుమ్మం బయటే గొంతుక్కూర్చుని గుడ్డ తడిపి, పిండి, గచ్చు మీద దుమ్ము లేవకుండా ఎలా లాగాలో చూపించింది. సీసం అనలేదు, కాడ్మియం అనలేదు.

"ఇది మామూలు దుమ్ము కాదమ్మా, పిల్లల్ని పాడుచేసే దుమ్ము. పొడిగా ఊడవకు. ఇంటికెళ్లేక చీర మార్చి, మోచేతుల దాకా కడుక్కుని, అప్పుడు ఎత్తుకో బిడ్డని. ఇక్కడికి అస్సలు తేకు."

"మేనేజరుగారు తడి గుడ్డ వద్దన్నారండి, మిషన్లకి చెమ్మ తగుల్తాదంట," అంది పద్మ.

"ఎవరు చెప్పేరని అడుగుతారు. కేషియరుగారని చెప్పకు, ఆయన రిటైరైపోయేరు." మరియమ్మ లేచి చేతులు కడుక్కుంది. "మరియమ్మ చెప్పిందని చెప్పు. కాలవ అవతల ఇడ్లీలేసే మరియమ్మ. అడగాల్సిందేదన్నా ఉంటే అక్కడికొచ్చి నన్నడగమను."